గ్యాస్ ఎటు పోయింది?

ఏసీ చల్లగా రాకపోతే మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే, గ్యాస్ కొట్టించడం. ఎండలు ముదిరాయంటే జడ్చర్లలో ఏ ఏసీ మెకానిక్ దుకాణం ముందు నిలబడినా ఇదే మాట: "గ్యాస్ అయిపోయినట్టుంది భాయ్, జర కొట్టు." ఎందుకైపోయిందని కొట్టించుకునేవాడు అడగడు, కొట్టేవాడు చెప్పడు. ఇద్దరికీ తొందరే. వెనక లైన్‌లో ఇంకో నాలుగు బండ్లుంటాయి.

మా బామ్మర్ది పికప్‌కు ఏటా ఉగాది దాటగానే ఈ సేవ జరిగేది. బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లీలు, మక్కలు తెచ్చే బండి అది. సీజన్‌లో బాలానగర్ దిక్కు నుంచి సీతాఫలాలు హైదరాబాద్‌కు మోస్తుంది. గ్యాస్ కొట్టించిన కొత్తలో క్యాబిన్ గజగజ వణికించేది. వానలు పడేసరికి మామూలు ఫ్యాన్ గాలి మిగిలేది. వానాకాలంలో ఏసీ ఎవరికి కావాలి కనుక? మళ్లీ ఉగాది, మళ్లీ గ్యాస్. టైర్లకు గాలి కొట్టించినంత మామూలు ఖర్చు కింద అతను దీన్ని లెక్కలో రాసుకున్నాడు.

ఈసారి ఎప్పుడూ పోయే దుకాణం మూసి ఉండడంతో చౌరస్తా అవతల ఇంకొకతని దగ్గరికి పోయాం. నేను ఊరికే తోడు పోయినవాణ్ని. అక్కడ అందరూ అతన్ని ఉస్తాద్ అంటున్నారు. గ్యాస్ అయిపోయిందని మా బామ్మర్ది అనగానే ఉస్తాద్ చేతిలో పాన కింద పెట్టి, "అయిపోవుడేంది అన్నా? అదేమన్న డీజిలా మండనీకి? ఎటో పోయింది. ఎటు పోయిందో చూడకుండ మళ్ల పోస్తే అది గూడ అటే పోతది" అన్నాడు.

నిజమే, ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కితే వేడెక్కుతుంది. బండి ముందున్న కండెన్సర్‌లో ఆ వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవమవుతుంది. సన్నటి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే మళ్లీ ఆవిరవుతూ, డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో క్యాబిన్ వేడిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడితో తిరిగి కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. అరకిలో అటూఇటూ గ్యాస్ అలా తిరుగుతూనే ఉండాలి. రబ్బరు పైపుల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ల మీద కొద్దికొద్దిగా చెమరుస్తుందన్నది వేరే సంగతి. ఏడాదికోసారి మొత్తం మాయమైతే మాత్రం ఎక్కడో బొక్క ఉన్నట్టే.

ఉస్తాద్ గేజులు పెట్టకముందు ప్రశ్నలు వేశాడు. అవి యజమానికి కాదు, డ్రైవర్‌కు. మా బామ్మర్ది రెండుసార్లు మధ్యలో జవాబు చెప్పబోతే, "నువ్వు జర ఆగన్నా, బండిల కూసునేది ఆయన" అన్నాడు. పొద్దుగాల ఎట్లుంటది? మధ్యాహ్నం ఎట్లుంటది? రోడ్డు మీద ఉరికేటప్పుడు చల్లగొచ్చి, రాయికల్ టోల్ గేట్ కాడ లైన్ల నిలవడితే వేడి గాలొస్తదా? లేకుంటే ఎప్పుడైనా ఒకటే తీరా?

ఈ ప్రశ్నల వెనక ఒక శాస్త్రం ఉంది. బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి ఆగితే వేడెక్కితే, తప్పు గ్యాస్‌ది కాదు. కండెన్సర్‌కు గాలి తగలడం లేదన్నమాట. దాని ముందర తిరగాల్సిన ఫ్యాన్ పాడై ఉండాలి, లేదా జాలీ మూసుకుపోయి ఉండాలి. మన దిక్కు పత్తి సీజన్‌లో దూది పోగులు, మక్కల పొట్టు, దుమ్ము కలిసి కండెన్సర్‌కు కంబళి కప్పినట్టు పట్టేస్తాయి. నీళ్లతో కడిగితే పోయే జబ్బుకు గ్యాస్ కొడితే ప్రెషర్ ఇంకా పెరిగి కంప్రెసర్ మీద పడుతుంది. కాసేపు చల్లగా వచ్చి, ఆపైన గాలే రావడం తగ్గిపోయి, ఏసీ ఆపి కొంతసేపటికి వేస్తే మళ్లీ చల్లగా వస్తే, లోపల మంచు కట్టిందని అర్థం. అసలు కంప్రెసర్ దగ్గర 'టక్' మని క్లచ్ పడే చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, వైరు చూసుకోవాలి. ఇవన్నీ చెప్పగలిగేది ఆ సీట్లో పొద్దంతా చెమటోడ్చినవాడే.

మా డ్రైవర్ చెప్పింది ఇంకో రకం. "ఒకటే తీరు సార్. టక్ మని పడ్తది, జరసేపటికి ఇడుస్తది. మళ్ల పడ్తది, ఇడుస్తది." గ్యాస్ మరీ తక్కువైతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను కాపాడటానికి అలా ఆపేస్తూ ఉంటుంది.

అప్పుడు గేజులు పెట్టాడు. నీలం పైపు తక్కువ ప్రెషర్ వైపు, ఎర్ర పైపు ఎక్కువ ప్రెషర్ వైపు. బండి ఆగి ఉన్నప్పుడు రెండు ముళ్లూ ఒకేచోట నిలిచాయి. ఎక్కువ తక్కువ ఏమీ కనిపించలేదు. మా బామ్మర్ది ముఖంలో 'గ్యాస్ బాగానే ఉన్నట్టుంది' అనే ఆశ తొంగిచూసింది. అక్కడే చాలామంది మోసపోతారట. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా చాలు, ఆగిన బండిలో ప్రెషర్ బయటి ఎండను బట్టి ఉంటుందే తప్ప గ్యాస్ ఎంతుందో చెప్పదు. ఇంజిన్ నడిపించి చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది. నడిపించాడు. నీలం ముల్లు కిందికి జారిపోయింది, ఎర్ర ముల్లు లేవాల్సినంత లేవలేదు. రెండూ తక్కువే. కంప్రెసర్ అరిగిపోతే వేరేలా ఉంటుంది, నీలం పైకొస్తుంది, ఎర్రది దిగుతుంది. కండెన్సర్ మూసుకుపోతే రెండూ పైకే. రెండు ముళ్లు చూసి ఇంత కథ చదవగలిగినవాణ్ని నాడి పట్టిన వైద్యుడితో పోల్చబుద్ధయింది కానీ, ఈమధ్య నాడి పట్టే వైద్యులు కనబడక ఊరుకున్నాను.

ఇక వెతుకులాట. లీకు దగ్గర గ్యాస్ ఒక్కటే పోదు, దానితో తిరిగే కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం బయటికొస్తుంది. దాని మీద దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మరక అవుతుంది. కాబట్టి ముందు కళ్లతోనే చూడాలి. ఉస్తాద్ టార్చి పట్టుకుని ప్రతి జాయింటు కింద వేలు పెట్టి చూశాడు. కంప్రెసర్ చుట్టూ దుమ్ము పొడిగానే ఉంది. గ్యాస్ కొట్టే మూతుల దగ్గర కూడా అంతే. మన రోడ్ల మీద లారీ టైర్ల కింద నుంచి ఎగిరే కంకరరాళ్లు తగిలేది కండెన్సర్ కింది అంచుకు, అక్కడా జాడ లేదు. సబ్బు నురగ పూశాడు. పైపుల మీద నురగ తెల్లగా నిలబడి, ఏ కదలికా లేకుండా ఆరిపోయింది.

"నైట్రోజన్ కొట్టి చూడాలె" అన్నాడు. దానికి ముందు లోపల మిగిలిన గ్యాస్ తీసేయాలి. పైపు విప్పి వదిలాడు. ఫుస్సుమంది. చల్లటి తెల్లటి పొగ లాంటిది ఒక్క క్షణం కనబడి పోయింది. గ్యాస్ ఎటు పోయిందో చూడాలన్న మనిషే దాన్ని ఆకాశంలోకి వదిలేస్తుంటే నాకు నవ్వొచ్చింది. "ఇదెటు పోయింది ఉస్తాద్?" అన్నాను. వేలు పైకి చూపించి, "పట్టుకునే మిషిన్లున్నయ్ సార్. నాకాడ లేదు. నువ్వు కొనిస్తవా?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ ఈ ప్రశ్నకు మన హైదరాబాద్ జంటనగరంతో ఒక పాత సంబంధం ఉంది. 1960ల్లో వీరభద్రన్ రామనాథన్ అనే కుర్ర ఇంజనీరు అన్నామలై విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజరేటర్ల సంస్థలో చేరాడు. అతనికి అప్పగించిన పని, ఫ్రిజ్‌లలో నింపే గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం. అంటే మా ఉస్తాద్ పనే. ఆ ఉద్యోగం అతనికి పెద్దగా నచ్చలేదు. బెంగళూరులో ఐఐఎస్‌సీకి, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లిపోయాడు.

అప్పటికి ఫ్రిజ్‌లలో, ఏసీలలో ఉండేవి క్లోరోఫ్లోరోకార్బన్లు. ఫ్రియాన్ అన్న పేరుతో జనానికి తెలుసు. అంటుకోవు, విషం కావు, దేనితోనూ కలవవు. కారిపోయినా నష్టం డబ్బులకే అనుకునేవారు. 1970ల మొదట్లో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఓడలో అంటార్కిటికా దాకా వెళ్తూ దారి పొడవునా గాలిని పరీక్షించాడు. జనావాసం లేని సముద్రం మీద కూడా ఆ గ్యాస్ ఉంది. లెక్క చూస్తే, లోకంలో అప్పటిదాకా తయారైన గ్యాస్ దాదాపు మొత్తం ఇంకా గాలిలోనే ఉన్నట్టు తేలింది. దానివల్ల ప్రమాదమేమీ లేదనే లవ్‌లాక్ అనుకున్నాడు. కాలిఫోర్నియాలో షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా ఇంకో ప్రశ్న వేశారు. సరే, అక్కడుంది, ఆ తర్వాత ఎటు పోతుంది? మెల్లగా పైకి చేరి, సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు విరిగి, క్లోరిన్‌ను వదిలి ఓజోన్ పొరను తింటుందని 1974లో చెప్పారు. మరుసటి ఏడాది, 1975లో, మన సికింద్రాబాద్ లీకుల ఇంజనీరు ఇంకో సంగతి బయటపెట్టాడు. ఈ గ్యాస్ భూమి వేడిని కూడా పట్టి ఉంచుతుంది, ఒక్క అణువు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు. సీలు దగ్గర కారినదాన్ని చిరాకుగా వెతికిన మనిషి, కారినది చివరికి ఏం చేస్తుందో లోకానికి లెక్కగట్టి చూపించాడు.

1987లో ఆ గ్యాస్‌లను తగ్గించడానికి మాంట్రియల్ ఒప్పందం, 1995లో రోలండ్, మొలీనాలకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి నోబెల్. ఇప్పుడు మన బండ్లలో ఉండేది ఎక్కువగా ఆర్-134ఏ. దానిలో క్లోరిన్ లేదు, ఓజోన్ జోలికి పోదు. వేడిని పట్టే గుణం మాత్రం పోలేదు. వందేళ్ల లెక్కలో బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు. అరకిలో గ్యాస్ గాలిలో కలిస్తే సుమారు 265 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఆ డీజిల్‌తో మా పికప్ జడ్చర్ల నుంచి బెంగళూరుకు మూడుసార్లు పోయి రావొచ్చు. ఏటా ఉగాదికి జరిగిన సేవ ఇదన్నమాట. ఈ రకం గ్యాస్‌లను తగ్గించడానికి 2016లో కిగాలీలో ఆ ఒప్పందానికే సవరణ చేశారు, 2021లో మన దేశమూ ఆమోదించింది. 2047 నాటికి వాడకాన్ని 85 శాతం తగ్గించాలని మాట. ఆ మాట చౌరస్తా దుకాణం దాకా రావాలంటే గ్యాస్ పట్టే మిషన్ ఎవరో ఒకరు కొనివ్వాల్సిందే.

ఈ యంత్రం పక్కన మా ఇంటి రంజన్‌ను పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. సూత్రం రెంటిదీ ఒకటే, ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. రంజన్ నీళ్లు చల్లబడాలంటే అది చెమర్చాలి. చెమర్చని కుండ చల్లబరచదు, అందుకే కొత్త రంజన్‌కు అంత గిరాకీ. ఏసీకి చెమర్చడమే చావు. కుండ పోగొట్టుకునేది నీళ్లు గనుక మళ్లీ పోసుకుంటాం, ఎవరికీ బాధ లేదు. ఏసీలో గ్యాస్‌ను మనం బందీగా పెట్టి తిప్పుతాం, తప్పించుకుంటే లోకానికి బాధ.

నైట్రోజన్ నింపాక కూడా ఇంజిన్ వైపు నురగ మౌనంగానే ఉంది. ఉస్తాద్ బండి కింద దూరి, క్యాబిన్ నుంచి కిందికి వేలాడే చిన్న రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. కూలింగ్ కాయిల్ మీద పేరుకునే నీళ్లు రోడ్డు మీద బొట్లు బొట్లుగా పడేది దాని నుంచే. దాని మూతికి నురగ పూసి, "ఇటు రా సార్, చూడు" అన్నాడు. వంగి చూశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నురగ మధ్యలో ఒక బుడగ సన్నగా లేచింది. పెసరగింజంత, పల్లీ అంత, నిమ్మకాయంత. టప్పున పగిలి, దాని జాగాలో ఇంకోటి మొదలైంది. ఆ గొట్టంలోంచి గాలి రావడానికి వేరే దారి లేదు. లోపల కాయిలే పోయింది.

"డ్యాష్‌బోర్డు దించాలె" అన్న మాట వినగానే మా బామ్మర్ది కూలబడ్డాడు. గ్యాస్ కొట్టుడు గంటలో పని. డ్యాష్‌బోర్డు దించుడంటే బండి పొద్దంతా పడుకున్నట్టే. ఏటా గ్యాస్ కొట్టి పంపిన దుకాణాన్ని ఇప్పుడు నేను గట్టిగా తిట్టలేను. లీకు వెతకడానికి పట్టే టైముకు డబ్బులెవరిస్తారు? దొరక్కపోతే ఇంకా ఇవ్వరు. గ్యాస్‌కు ఇస్తారు, అది కళ్ల ముందు పడే సరుకు, ముఖానికి తగిలే చల్లటి గాలి.

స్టీరింగ్ పక్కన స్క్రూలన్నీ ఊడి, డ్యాష్‌బోర్డు ముందుకు వచ్చేసరికి దాని వెనక బండి జాతకం మొత్తం ఉంది. కాంటా చీటీలు, పల్లీ పొట్టు, ఒక దువ్వెన, రంగు వెలిసిన టోల్ రశీదులు, ఎవరిదో పెళ్లి కార్డు. కూలింగ్ కాయిల్ బయటికొచ్చింది. రేకుల సందుల్లో దుమ్ము, ఆకుల ముక్కలు తడిసి, ఆరి, మళ్లీ తడిసి మట్టిలా గడ్డకట్టాయి. ఆ చెమ్మ ఏళ్ల తరబడి అల్యూమినియంను తినేసింది. ఒక మూల జిడ్డుగా మెరుస్తోంది. ఉస్తాద్ గోరుతో గీరితే సూది మొన దిగేంత కన్నం. గాలి లోపలికి పోయే దగ్గర ఫిల్టర్ ఉండాల్సిన జాగాలో ఏమీ లేదు.

కొత్త కాయిల్, కొత్త డ్రయర్, జాయింట్లకు కొత్త ఓరింగులు. ఆపైన వాక్యూమ్ పంపు. లోపల గాలి, చెమ్మ లాగేయకుండా గ్యాస్ నింపితే ఆ చెమ్మ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది, ఆయిల్‌తో కలిసి లోపలి లోహాన్నీ తింటుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా ఉందా అని టీ తాగినంతసేపు చూశాడు. చివరికి సిలిండర్‌ను చిన్న కాంటా మీద పెట్టి, బానెట్ లోపలి స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల లెక్కకు సరిగ్గా వదిలాడు. పొద్దటి నుంచి అనుమానంగా చూస్తున్న మా బామ్మర్ది ముఖం అప్పుడు విచ్చుకుంది. యార్డులో మసిలే మనిషి, కాంటా మీద చూసిందే నమ్ముతాడు.

చల్లటి గాలి వచ్చింది. బండి పక్కన నిలబడ్డ నాకు మాత్రం కండెన్సర్ నుంచి ఉడుకు గాలి కొట్టింది. ఏసీ వేడిని చంపదు, ఇంకొకరి మీదికి జరుపుతుందంతే. పోలేపల్లి సెజ్ వైపు పోయే రోడ్డు పక్కన నిలబడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మందులు మోసే చల్లటి డబ్బా బండ్లు పోతుంటాయి. కొన్ని రకాల మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, తప్పదు. అలాంటి బండ్లలోనూ కొన్నింటిలో డ్రైవర్ కిటికీ అద్దం దించుకుని, తడి తువ్వాల మెడకేసుకుని కనిపిస్తాడు. సరుకుకు ఎంత చల్లదనం కావాలో కాగితం మీద రాసి ఉంది. మనిషికి ఎంత కావాలో ఎవరూ రాయలేదు.

ఈమధ్య రాశారు, కొంత. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ట్రక్కుల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. అయితే అది మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన ఎన్2, ఎన్3 తరగతి బండ్లకు. మన యార్డు నిండా కనిపించే పికప్పులు ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. అదే 44వ నంబర్ రోడ్డు, అదే మే నెల ఎండ. పెద్ద లారీ డ్రైవర్‌కు కొట్టిన ఎండే పికప్ డ్రైవర్‌కూ కొడుతుంది, అతని బండి తూకం చూసి తగ్గదు.

చట్టం సంగతి అలా ఉంచి, మా డ్రైవర్ చల్లటి గాలి చూసి సంబరపడలేదు. ఎందుకని అడిగితే నసిగి నసిగి చెప్పాడు. కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీద తిరిగేది, ఏసీ వేస్తే లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి. మా బామ్మర్ది ప్రతి ట్రిప్పుకూ డీజిల్ చీటీ, కిలోమీటర్లు పక్కపక్కన రాసి చూసుకునే రకం. "మైలేజ్ వడిపోతే, డీజిల్ ఎటు పోయింది తమ్మీ అంటవ్ అన్నా. అందుకే ఏసీ మంచిగున్న దినాలల్ల గూడ నేను ఏస్తలేకుంటి. నువ్వు ఎక్కినప్పుడే ఏస్తుంటి."

ఉస్తాద్ పడీ పడీ నవ్వాడు. మా బామ్మర్ది నవ్వలేదు. పల్లీ వ్యాపారి కదా, కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "సరే, ఎండకాలం లీటర్‌కు ఒక కిలోమీటర్ తక్కువొస్తే అడగ" అన్నాడు.

"ఒకటిన్నర చెయ్యన్నా" అన్నాడు డ్రైవర్.

"ఒకటింపావు."

"మీ పంచాయితీ రోడ్డు మీద తెంపుకోండ్రి," అన్నాడు ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "ముందుగాల నా బిల్లు తెంపుండ్రి."